పిడుగమ్మకు నెరిసిన పాయ

విగ్గులు అల్లే పనిలో చేతులకు తీరిక ఉండదు, కళ్లకు తీరిక ఉండదు. చెవులు మాత్రం పొద్దస్తమానం ఖాళీ. ఖాళీ చెవులు ఎంత ప్రమాదమో తెలియాలంటే, ఐదుగురు ఆడవాళ్లు ఒకే బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కో వెంట్రుకనూ కొక్కెం సూదితో వలలోంచి లాగి ముడివేసే గదిలో ఓ వారం గడపాలి. మొదటిరోజు ఎవరి అత్తగారి గురించి వాళ్లు చెప్పుకుంటారు. మూడోరోజుకల్లా ఒకరి అత్తగారి గురించి ఇంకొకరు చెప్పడం మొదలవుతుంది. ఆ తర్వాత కత్తెరలు దాచిపెట్టాల్సి వస్తుంది.

యజమాని ఒకప్పుడు రేడియో పెట్టించాడు. హుషారు పాటలొస్తే ముడులు వదులయ్యేవి, ఏడుపు పాటలొస్తే బిగుసుకుపోయేవి. ఎవరో పెద్దమనిషి విగ్గు సగం దువ్వెనతో పాటు వచ్చేసి, మిగతా సగం ఎంత లాగినా రానని మొండికేశాక, ఆయన రేడియోను మేడమీదికి పట్టుకుపోయాడు. అప్పట్నుంచీ ఆ బల్ల దగ్గర ఒకరు చదవడం, మిగతావాళ్లు వినడం అలవాటైంది. చదివేది పెద్దక్క.

పెద్దక్క యజమాని తల్లి హయాంలో పనిలో చేరింది. ఇప్పుడు బల్ల చుట్టూ ఉన్న నలుగురికీ సూది పట్టడం నేర్పింది ఆవిడే. ఆ షాపులో పనిచేసే ప్రతి మనిషికీ ఒక నంబరు, అల్లిన ప్రతి విగ్గు లోపలా ఆ నంబరు కుట్టిన గుడ్డముక్క ఉంటాయి. పెద్దక్కది ఏడు. మిగతా నంబర్లవాళ్లు చాలామంది పెళ్లిళ్లకో నడుంనొప్పికో వెళ్లిపోయారు గానీ ఏడు అలాగే ఉంది.

ఉందంటే ఉంది. రెండేళ్ల కిందట ఆవిడ వేళ్ల కణుపులు వాచి బిగుసుకుపోయాయి. చెంచా పట్టుకోగలదు, తాళం తిప్పగలదు. కొక్కెం సూది మాత్రం వేళ్ల మధ్య నిలవదు. ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోయినా బల్లకి తెలిసిపోయింది. ఓ మధ్యాహ్నం దర్జీ వదిన (విగ్గులకు వల కుట్టేది ఈవిడే) పెద్దక్క ముందున్న, విగ్గు తొడిగి అల్లే కర్ర తలను నెమ్మదిగా తన వైపు లాక్కుని, "నువ్వు చదువక్కా, మేం చూసుకుంటాం" అంది. ఆ రోజు నుంచి ఏడో నంబరు విగ్గు నలుగురి చేతుల్లోనూ తిరిగి తయారవుతోంది. జీతం పెద్దక్కకు వస్తోంది.

ఈ సంగతి మేడమీదికి తెలియదు. యజమాని చెప్పులు నిజాయితీగల చెప్పులు, చప్పుడు చేయకుండా ఒక్క మెట్టు కూడా దిగవు. ఆ చప్పుడు వినపడగానే పుస్తకం కర్ర తల కిందికి పోయేది, విగ్గు తిరగేసి పెద్దక్క ఒళ్లోకి వచ్చేది. ఆయన వచ్చి, తన నున్నటి తల నిమురుకుంటూ ఓ చుట్టు తిరిగి, వెళ్లిపోయేవాడు. మిఠాయి కొట్టువాడు మిఠాయి తినడంటారు కదా, అలా ఆయన విగ్గు పెట్టుకోడు.

పెద్దక్క ఉండేది తమ్ముడి ఇంట్లో. మరదలు చాలా మంచిది. అదే వచ్చిన చిక్కు. పెద్దక్క తలుపు తీసుకుని లోపలికి అడుగుపెట్టేసరికి "ఇంకెందుకు వదినా ఈ వయసులో, హాయిగా కూర్చోరాదూ" అంటుంది. టీవీ ఎదురుగా ఒక కుర్చీ, దాంట్లో ఒక దిండు కూడా సిద్ధంగా పెట్టింది. పెద్దక్క జీవితంలో దేనికీ భయపడలేదు గానీ ఆ దిండుకు భయపడేది. అందులో ఒకసారి కూర్చుంటే మళ్లీ లేవడం ఉండదని ఆవిడకు తెలుసు. బల్ల దగ్గరి ముక్కాలిపీట పోతే మిగిలేది ఆ దిండే.

ఇంతకంటే లోపల ఇంకో భయం ఉంది. ఆ నలుగురూ తన చదువు కోసం తన పని చేస్తున్నారా, లేక తన మీద జాలితో తన చదువు భరిస్తున్నారా? చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. ఇక్కడ ఎవరు ఎవరికి లోకువో తేలక, కొన్ని రోజులు ఆవిడకు అన్నం సయించేది కాదు.

ఇక చదివేదేమిటంటే, టీవీ సీరియళ్లను పట్టుకుని రాసిన నవలలు. బస్సులు ఆగే చోట అద్దె పుస్తకాల కొట్టు ఉంది. అక్కడ ఒక అర నిండా అవే. అంతరిక్ష నౌకలు, మాయమయ్యే మనుషులు, ఒంటిచేత్తో వంతెనలు ఆపే అమ్మాయిలు. అట్టమీద సీరియల్ నటి ఫొటో, వెనక సన్నటి అక్షరాల్లో ఎవరో ఒక రచయిత పేరు. టీవీలో ఒక భాగం అయిపోయి ఇంకో భాగం వచ్చేలోపు జనం మర్చిపోకుండా ఉండటానికి ఇలాంటివి వేస్తారట. కొట్టాయన చదువుకున్నవాడు. "మంచి సాహిత్యం ఉందమ్మా, అది పట్టుకెళ్లండి" అని అప్పుడప్పుడూ పోరేవాడు.

"మంచి పుస్తకంలో ఒక మనిషికి కష్టమొస్తే చివరిదాకా ఆ కష్టమేనండి," అంది పెద్దక్క. "ఇందులో అయితే కష్టం తర్వాత నౌక వస్తుంది."

బల్లకి బాగా పట్టిన సీరియల్ ఒకటుంది. అందులో వేరే గ్రహం మీద వాతావరణ కార్యాలయంలో పనిచేసే అమ్మాయి పిడుగుల్ని చేత్తో పట్టుకుంటుంది. ఆమెకు నోరు తిరగని పేరేదో ఉంది. బల్ల దగ్గర మాత్రం పిడుగమ్మ. ఆమె వెంట తిరిగే ఇనుప మరమనిషి ఇనుపబావ. ఒక రచయిత పిడుగమ్మకు పచ్చకళ్లు పెట్టాడు, ఇంకొకాయన గోధుమరంగు కళ్లు పెట్టాడు. మూడో ఆయన అసలు కళ్ల జోలికే పోలేదు. పెద్దక్క నమ్మకం ఆయన మీదే.

ఒకసారి మరదలు బలవంతంమీద పెద్దక్క ఆ సీరియల్ టీవీలో చూసింది. నచ్చలేదు. పిడుగమ్మ గొంతు తప్పుగా ఉంది. పైగా టీవీలో ఆమె ఆకాశం వైపు చూస్తుందంటే చూస్తుందంతే. పుస్తకంలో అయితే చూస్తూ రెండు పేజీలు ఆలోచిస్తుంది. తల్లికి మందులు పంపానా, పైఅధికారి నాకెందుకు సెలవివ్వడు, ఈ పిడుగు పట్టుకున్నాక చెయ్యి ఎన్నాళ్లు మండుతుంది. అవన్నీ లేకుండా ఉట్టి మెరుపులు చూపిస్తే ఎవరికి కావాలి?

ఈ చలికాలంలో ఆ సీరియల్ వాళ్లే ఈ షాపుకు పని ఇచ్చారు. కొత్త భాగానికి పిడుగమ్మ విగ్గు కావాలట. యజమాని ఫొటో పట్టుకుని స్వయంగా దిగొచ్చాడు. నడుందాకా నల్లటి జుట్టు. "ఇది మామూలు పని కాదు. షాపులో అందరికంటే మంచి చెయ్యి పడాలి. ఏడో నంబరుకిస్తున్నా" అన్నాడు. పెద్దక్క తల ఊపింది. మిగతా నలుగురూ కూడా ఊపారు, పని వాళ్లది కనక.

సరిగ్గా ఆ వారమే పెద్దక్క తుఫాను గుహ పుస్తకం చదువుతోంది. అందులో పిడుగమ్మ శత్రువు కూతురు గుహలో ఇరుక్కుంటుంది. పిల్లని బయటికి తేవాలంటే తుఫాను మొత్తం తన ఒంట్లోంచి పోనివ్వాలి. పోనిస్తుంది. ఇనుపబావ గుహ ముందు నిలబడి, నవ్వులాటకైనా ఒక్కమాట అనడు. పిల్ల బతుకుతుంది. తుఫాను దూరిన చోట, ఎడమ చెవి పైన, పిడుగమ్మ జుట్టు ఒక పాయ నెరిసిపోతుంది. అది మళ్లీ ఈ జన్మలో నల్లబడదని ఆ రచయిత రాశాడు. ఆ పేజీ చదువుతున్నప్పుడు గదిలో ఎవరూ సూది కదపలేదు. బాకా కూడా నోరు మూసుకుంది. వీధి చివర జరిగింది కూడా బల్ల దగ్గర ప్రకటించనిదే ఉండలేని మనిషి కనక ఆమెకా పేరు.

విగ్గు తయారైంది. కొత్తపిల్ల పెట్టెలో సర్ది పంపింది. ఈమె చేరి నాలుగేళ్లయింది, అయినా ఇంకా కొత్తపిల్లే.

పెట్టె మూడోరోజున తిరిగొచ్చింది. దాంతోపాటు సీరియల్‌లో జుట్టూ అలంకారం చూసే ఆయన కూడా వచ్చాడు. కాసేపటికి మేడమీంచి పెద్దక్కకు పిలుపొచ్చింది. ఆవిడ మెట్లెక్కుతుంటే కింద నలుగురూ తేలుకుట్టిన దొంగల్లా కూర్చున్నారు.

యజమాని బల్లమీద విగ్గు కర్ర తలకు తొడిగి ఉంది. ఎడమ చెవి పైన, వేలెడు వెడల్పున, తెల్లటి పాయ. ముసలివాళ్ల విగ్గులకు వాడే తెల్లజుట్టే. ఎంత శ్రద్ధగా వేశారంటే, బాగా కనపడేలా ముందుకు దువ్వి మరీ పంపారు.

"ఇదేంటక్కా?" అన్నాడు యజమాని. చిన్నప్పటి నుంచీ ఆవిడను అక్కా అనే పిలుస్తాడు.

పెద్దక్క ఆ పాయను అప్పుడే మొదటిసారి చూసింది. విగ్గు ఒళ్లోకి వచ్చినప్పుడల్లా తిరగేసే వచ్చేది. అయినా జవాబు ఆవిడ నోటికి తనంతట తనే వచ్చేసింది. "అది తుఫాను గుహలో నెరిసింది బాబూ."

"ఏ గుహ?"

ఆవిడ చెప్పింది. శత్రువు కూతురితో సహా మొత్తం చెప్పింది. యజమాని విన్నాడు. జుట్టాయన కూడా విన్నాడు, కథ వాళ్ల సీరియల్‌దే అయినా ఆయనకు అంతా కొత్తగానే ఉన్నట్టుంది.

"ఆ పుస్తకాలు లెక్కలోకి రావమ్మా," అన్నాడు జుట్టాయన, కాస్త మర్యాదగానే. "సీరియల్ రాసేవాళ్లు వాటిని చదవరు కూడా. టీవీలో జరిగితేనే జరిగినట్టు."

"మరి పుస్తకంలో జరిగింది?"

"అది ఉత్తదే."

పెద్దక్కకు చెంప మీద కొట్టినట్టయింది. ఆ గుహ ముందు తను నిలబడింది, నలుగురిని నిలబెట్టింది. గొంతు రాసుకుపోయినా ఆపలేదు. అదంతా ఉత్తదేనా?

యజమాని విసుగ్గా తల నిమురుకున్నాడు. "ఎక్కడి పుస్తకం, ఎక్కడి విగ్గు! బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టినట్టుంది" అని, గదిలో ఎవరి గుండు ఉందో గుర్తొచ్చి చెయ్యి దించేసుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. "సరే, జరిగిందేదో జరిగింది. ఎల్లుండి షూటింగట. నీ చేత్తోనే అయింది కదా, నీ చేత్తోనే సరిచెయ్యి. ఇక్కడే కూర్చుని తెల్లది తీసి నల్లది వెయ్యి. ఈయన దగ్గరుండి చూసుకుని పట్టుకెళ్తారు." కొక్కెం సూది తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

పెద్దక్క విగ్గును దీపం కిందికి లాక్కుంది. సూదిని ఎలాగూ పట్టలేను, కనీసం పాయనైనా చూద్దామని కళ్లజోడు సర్దుకుని వెంట్రుకలు విడదీసింది. ముడులు కనపడ్డాయి.

రెండుసార్లు బిగించిన ముడులు బాకావి. చెప్పిందే చెప్పే మనిషి, ముడీ అంతే. గీత గీసినట్టు వరసలో ఉన్నవి దర్జీ వదినవి. ఎడమకు ఒరిగినవి కొత్తపిల్లవి, ఆ ఒరుగు మాన్పించడానికి పెద్దక్క తాతలు దిగొచ్చారు. వేలితో తడిమినా దొరకని సన్నవి మూగనోముది. మూగనోము అంటే బల్లకు అటు చివర కూర్చునే మనిషి, రోజంతా కలిపి నాలుగు మాటలాడితే ఎక్కువ. ఇన్నాళ్లలో ఒక్క పుస్తకం గురించి బాగుందనీ అనలేదు, బాగోలేదనీ అనలేదు. పాయలో సగానికి పైగా ఆమెవే.

ఎవరూ వేయమనలేదు. ఎవరూ ఒకరితో ఒకరు అనుకోలేదు. విగ్గు ఎవరి చేతికి వచ్చినప్పుడు వాళ్లు, తెల్లజుట్టు పళ్లెంలోంచి తీసి, ఎడమ చెవి పైన ముడివేస్తూ పోయారు. జాలితో వినేవాళ్లు ఇలా వేయరు. పెద్దక్కకు ఒక్కసారిగా ఎంత సంతోషం వేసిందంటే, పీట ఊడిపోయే వేళ ఇదేం సంతోషమని తనకే సిగ్గేసింది.

సూదిని బల్లమీద పెట్టేసింది. "ఇది నేను వెయ్యలేదు బాబూ. రెండేళ్లయింది నేను ముడివేసి. వేళ్లు పోయాయి."

యజమానికి వెంటనే అర్థం కాలేదు. "మరి రెండేళ్లుగా కింద ఏం చేస్తున్నావు?"

"చదువుతున్నాను."

ఆయన మెట్లదాకా వెళ్లి నలుగురినీ పైకి పిలిచాడు. వచ్చారు. ఎవరు మొదలుపెట్టారు ఈ పాయ అనడిగాడు. నేనంటే నేనని మీదేసుకుంటారేమో అని పెద్దక్క కంగారుపడింది. అలాంటిదేం జరగలేదు.

"నా చేతికొచ్చేసరికే ఉంది సార్. కానీ కణత దగ్గర వేశారు. నేనే చెవి పైకి జరిపా," అంది బాకా.

"కణత దగ్గరెవరు వేశారు? చెవి పైనే వేశా నేను!" అంది కొత్తపిల్ల.

"ఫొటోలో లేదు కదా, అడుగుదామని ఎవరికీ అనిపించలేదా?" అన్నాడు యజమాని.

"ఫొటో గుహకి ముందు తీసింది కదండీ," అంది దర్జీ వదిన. "ఏమే, వేలెడు వెడల్పెందుకు? రెండు వేళ్లుండాలి. తుఫాను మొత్తం దూరిందంటే మాటలా?"

"వేలెడే. నలభయ్యో పేజీ," అంది మూగనోము.

అందరూ పెద్దక్క వైపు తిరిగారు. "వేలెడే," అని తీర్పిచ్చింది పెద్దక్క. దర్జీ వదిన ఒప్పుకోలేదు. యజమాని అక్కడున్న సంగతే మర్చిపోయి ఆడవాళ్లందరూ విగ్గు మీదికి వంగారు. జుట్టాయన గోడగడియారం వైపు చూశాడు.

"ఆపండి!" అన్నాడు యజమాని. ఆపారు. ఆయన కోపంగా లేడు, అదే ఎక్కువ భయంగా ఉంది. "అక్కా, అమ్మ పెట్టిన మనిషివి. నీకు ఎదురుచెప్పింది లేదు. కానీ ఇది విగ్గుల షాపు. చదివేవాళ్లకి జీతమివ్వడం నా వల్ల కాదు."

పెద్దక్కకు మరదలి దిండు కళ్లముందు కనపడింది. "ముడివెయ్యలేను గానీ పీకగలను బాబూ," అంది. "వెనక గదిలో పాత విగ్గుల బస్తాలున్నాయి. వాటి జుట్టు పీకి వేరుచేసేవాళ్లు లేరని నువ్వే అంటుంటావు. దానికి సూదితో పనిలేదు, పట్టకారు చాలు."

"ఆ పని ఎవరూ చెయ్యరక్కా. దుమ్ము. చేతులు రెండూ ఒక్క క్షణం ఖాళీ ఉండవు."

"నేను చేస్తా."

ఆయన ఆవిడ వేళ్ల వైపు చూశాడు. సొరుగులోంచి పట్టకారు తీసిచ్చాడు. "అయితే ముందు ఈ పాయతో మొదలుపెట్టు. కింద కూర్చునే చెయ్యి. వీళ్లు వెనకాలే నల్లది వేసుకుంటూ వస్తారు."

అలా పీట దక్కింది. కిందికొచ్చి కూర్చుని, కర్ర తలను ముందుకు లాక్కున్నాక గానీ పెద్దక్కకు అసలు సంగతి తట్టలేదు. ఎడమచెయ్యి పాయను పట్టుకోవాలి, కుడిచెయ్యి పీకాలి. పుస్తకం పట్టుకునే చెయ్యి మూడోది కావాలి. పీట నిలబెట్టుకోవడానికి చదువును ఇచ్చేసి వచ్చింది తను. బాధేసింది. ఎవరితో అంటుంది? తల వంచుకుని మొదటి తెల్లవెంట్రుక పీకింది. ఎడమకు ఒరిగిన ముడి. కొత్తపిల్లది.

బాకా ఒకసారి గొంతు సవరించుకుంది, అత్తగారి గురించే కాబోలనుకున్నారు అందరూ. కాదు. చెయ్యి చాపి, పెద్దక్క సంచిలోంచి పుస్తకం లాగింది. కిందటిరోజే అద్దెకు తెచ్చిన పుస్తకం, పిడుగమ్మదే, సరికొత్తది. టీవీలో రాబోయే భాగానికి ముందు కథ అని అట్టమీద రాసి ఉంది.

"నా వంతు మీరు సర్దండి," అంది ముగ్గురితో. "అక్కంత బాగా నాకు రాదు. నవ్వినవాళ్ల విగ్గు నేను వెయ్యను."

చదవడం మొదలుపెట్టింది. రైలు వస్తోందని చెప్పే గొంతు. చుక్క ఉన్నచోట ఆగదు, లేనిచోట ఆగుతుంది. పెద్దక్క పళ్లు బిగబట్టుకుని వింది. అయినా ఒక పేరా దాటేసరికి చేతులు వాటంతటవి పనిచేసుకుపోతున్నాయని, తర్వాత ఏమవుతుందో తనకు తెలియదని గమనించింది. ఇంట్లో ఒకసారి చదువుకోనిదే బల్ల దగ్గర ఏనాడూ పుస్తకం తెరవలేదు ఆవిడ. ఒకరు చదువుతుంటే కథ వినడం ఇదే మొదలు.

"పిడుగమ్మ అద్దం ముందు నిలబడింది," చదువుతోంది బాకా. "నడుందాకా జారిన జుట్టును దువ్వుకుంది. ఒక్క వెంట్రుక కూడా నెరవని ఆ నల్లటి..."

ఆగిపోయింది.

సూదులు ఆగాయి. పెద్దక్క పట్టకారు కూడా ఆగింది. ఎవరో కొత్త రచయిత. గుహ పుస్తకం చదవలేదు కాబోలు, లేకపోతే చదవక్కర్లేదని ఎవరైనా చెప్పి ఉంటారు. పెద్దక్క ముందు గుడ్డమీద, అప్పటిదాకా పీకిన తెల్లజుట్టు చిన్న కుప్పగా పడి ఉంది. మేడమీద జుట్టాయన ఉత్తదే అన్నాడు. ఇప్పుడు పుస్తకమూ అదే అంటోంది. నలుగురూ ఆ కుప్ప వైపు చూశారు, ఆవిడ వైపు మాత్రం ఎవరూ చూడలేదు.

"అచ్చుతప్పు," అంది మూగనోము, సూది మీంచి కళ్లెత్తకుండా. "సరిచేసి చదువు."

బాకా వేలుతో ఆ వాక్యాన్ని మూసింది. ఈసారి నెమ్మదిగా, ప్రతి మాట దగ్గరా ఆగుతూ చదివింది. "నడుందాకా జారిన జుట్టును దువ్వుకుంది. ఎడమ చెవి పైన ఉన్న నెరిసిన పాయను చేత్తో ఒకసారి తడుముకుంది."

"వేలెడు వెడల్పు," అంది దర్జీ వదిన.

"వేలెడు వెడల్పున ఉన్న పాయను," అని మళ్లీ చదివింది బాకా, "చేత్తో ఒకసారి తడుముకుంది."

పెద్దక్క కళ్లజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుంది. తర్వాత విగ్గును దగ్గరకు లాక్కుని ఇంకో తెల్లవెంట్రుక పీకింది.